చెకుముకి తుపాకీ నమూనా: రోజ్‌వుడ్ కొయ్యను నునుపు చేసి మెరుగు పెట్టడం ఎలా?

ప్రశ్న: నాటక బృందం సభ్యుడు, యశవంతపుర, బెంగళూరు

సభ్యులందరికీ నమస్కారం. బెంగళూరులోని మా తెలుగు నాటక బృందం బొబ్బిలి యుద్ధ కథను రంగస్థలం మీదికి తెస్తున్నది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యంలోని సిపాయిల చేతికి ఇవ్వడానికి, ఆ కాలపు ఫ్రెంచి చెకుముకి తుపాకీని పోలిన నమూనా కిట్టు ఒకటి తెప్పించుకున్నాము. ఇది పేలే ఆయుధం కాదు. గొట్టం స్థానంలో రంధ్రం లేని ఇనుప కడ్డీ ఉంది. మందు కూర్చడానికి గానీ, నిప్పు అందించడానికి గానీ దారి లేదు. గొట్టాన్ని కొయ్యతో కలిపి పట్టి ఉంచే ఇనుప కట్లు మూడు, మడమకు (భుజానికి ఆనించే వెనుక కొసకు) బిగించే ఇనుప పట్టీ, లాక్ (చెకుముకి రాయిని కొట్టించే మీట భాగం) విడిగా వచ్చాయి.

కొయ్యను యంత్రం మీద కోసి పంపినందువల్ల ఆకారం వచ్చింది గానీ పైభాగం ఇంకా ముడిగానే ఉంది. మడమ పక్కలను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే యంత్రపు కత్తి వదిలిన అలలు కనిపిస్తున్నాయి. చేయి పట్టే సన్నని మెడ దగ్గర ఆకురాయి గాట్లు లోతుగా ఉన్నాయి. లాక్ ఫలకం చుట్టూ, మడమ పట్టీ అంచున చెక్కను లోహం కంటే దాదాపు ఒక మిల్లీమీటరు ఎత్తుగా వదిలారు. అమ్మినవారు ఇది రోజ్‌వుడ్ అన్నారు. ముదురు రంగును, ఊదా చారలను బట్టి నాకూ అలాగే తోస్తున్నది. అయితే మడమ అడుగున ఒక పక్క మాత్రం పాలిపోయిన పసుపు రంగు పట్టీ పొడుగునా సాగింది.

మా వీధిలోని వడ్రంగి గారు యంత్రంతో ఒకసారి రుద్ది, మెలమైన్ స్ప్రే కొట్టిస్తే సాయంత్రానికల్లా పని అయిపోతుందని చెబుతున్నారు. నాకు మాత్రం ఇది రెండు వందల యాభై ఏళ్ళనాటి వస్తువులా కనిపించాలని ఉంది. కిట్టుతో పాటు వచ్చిన తునక మీద పెయింటు దుకాణంలో దొరికే అవిసె నూనె రాసి చూశాను. వారం దాటినా వేలికి జిగురుగానే తగులుతున్నది. నునుపు చేయడంలో ఏ వరస పాటించాలి, నూనె ఎందుకు ఆరడం లేదు, దానికి బదులు ఏమి వాడాలి అన్నది అనుభవజ్ఞులు వివరంగా చెబితే మా బృందమంతా కృతజ్ఞతతో ఉంటుంది.

సమాధానం: పాత కలప సామాను బాగుచేసేవాడు, మల్లేశ్వరం, బెంగళూరు

అయ్యా, మెరుగు సంగతి తరువాత చూద్దాము. ముందుగా, ఆ కొయ్య మీద సాండర్ యంత్రాన్ని తాకనీయకండి. ఇటువంటి తుపాకీ అందమంతా అంచులలోనే ఉంటుంది. లాక్ అమరే చోట చుట్టూ ఉన్న చదును పలక, దాని కొసన పదునుగా తిరిగే గీత, చెంప ఆనే గట్టు మెడలోకి దిగే మలుపు, ఇవి తేటగా ఉన్నంతకాలమే అది చేతిపనిగా కనిపిస్తుంది. యంత్రం వీటిని క్షణాల్లో గుండ్రం చేసేస్తుంది. ఒకసారి గుండ్రమైన అంచును తిరిగి నిలబెట్టాలంటే చుట్టూ ఉన్న చెక్కనంతా కిందికి దింపడం తప్ప వేరే దారి లేదు. అంత చెక్క అక్కడ ఉండదు.

మొదటి పని ఆకురాయితో. లాక్ ఫలకాన్ని, మడమ పట్టీని వాటి స్థానాల్లో బిగించి, లోహం మీద రెండు మూడు వరసల టేపు అంటించి, ఎత్తుగా ఉన్న చెక్కను నెమ్మదిగా దించుకుంటూ రండి. లోహం బిగించి ఉండగా పని చేయడం వల్ల అంచు లోపలికి ఒరిగిపోదు. టేపు పైపొర గీసుకోవడం మొదలైతే ఆగవలసిన చోటు వచ్చిందని అర్థం. మడమ చివర అడ్డుకోత చెక్క (నారకు అడ్డంగా కోసిన తలం) గనుక అక్కడ ఆకురాయిని ఎప్పుడూ బయటి నుంచి లోపలికే నడపాలి. బయటికి నెడితే అంచు పెచ్చులుగా లేచిపోతుంది.

అలలను తీయడానికి ఉప్పు కాగితం కంటే గీకే ఉక్కు రేకు మేలు. పాత రంపపు రేకు ముక్కను తీసుకుని, అంచును ఆకురాయితో తిన్నగా చేసి, గట్టి ఉక్కు కడ్డీతో ఆ అంచును కొద్దిగా పక్కకు ఒత్తితే సన్నని కొక్కెం వంటి పదును వస్తుంది. రేకును రెండు బొటనవేళ్ళతో కొంచెం వంచి, చెక్క చార (నార సాగే దిశ) వెంట ముందుకు నెడితే దుమ్ము కాకుండా పల్చని పొరలు రావాలి. పొడి మాత్రమే వస్తున్నదంటే పదును పోయినట్టు. రోజ్‌వుడ్‌లో చార ఒక్కోచోట ఒక్కోవైపు తిరుగుతుంది కాబట్టి ఎక్కడైనా చెక్క చిరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే దిశ మార్చండి. ఈ రేకు అలల శిఖరాలనే తాకుతుంది, పల్లాలను వదిలేస్తుంది. ఉప్పు కాగితం రెండింటినీ కలిపి రుద్దుతుంది. అందుకే ఎంతసేపు రుద్దినా అలలు నునుపెక్కుతాయి తప్ప మాయం కావు.

తరువాత కాగితం. 120 నంబరుతో మొదలుపెట్టి 180, 220 వరకు వెళితే చాలు. మధ్యలో ఏ నంబరునూ దాటవేయకండి. దాటవేసిన ముతక గీతలు ఆ సమయానికి కనిపించవు, మెరుగు పడ్డాక మాత్రం ప్రతి ఒక్కటీ పైకి తేలుతుంది. ప్రతి నంబరుకు ముందు కొయ్యంతా పెన్సిల్‌తో తేలికగా అడ్డదిడ్డంగా గీసుకుని, ఆ గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయిన తరువాతే పై నంబరుకు వెళ్ళడం మంచి అలవాటు. చదును పలకల మీద కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి, మెడ మలుపుల్లో తోలు చుట్టిన గుండ్రని కర్రకు చుట్టి రుద్దండి. వట్టి వేళ్ళతో రుద్దితే మెత్తని చారలు దిగిపోయి గట్టి చారలు గట్లు కడతాయి. గదిలో పెద్ద దీపం ఆర్పివేసి, ఒక చిన్న దీపాన్ని కొయ్యకు పక్క నుంచి, ఇంచుమించు దాని ఎత్తులోనే పెట్టి చూడండి. పగటి వెలుతురులో నునుపుగా ఉన్న చోట లోయలు కనబడతాయి.

రవాణాలో సొట్టలు పడి ఉంటే వాటిని తవ్వి తీయకండి. తడిగుడ్డ మడిచి సొట్ట మీద వేసి వేడి ఇస్త్రీపెట్టె కొసను తాకిస్తే, ఆవిరికి నలిగిన నార ఉబ్బి చాలావరకు పైకి వస్తుంది. నార తెగిన చోట మాత్రం ఈ పద్ధతి పనిచేయదు.

చివరిది చాలామంది వదిలేసేది. 220 పూర్తయ్యాక కొయ్యను తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నొక్కుకుపోయి ఉన్న సన్నని నారలన్నీ లేచి నిలుచుంటాయి, చేయి పెడితే గరుకుగా తగులుతుంది. 320 కాగితంతో ఆ లేచినవాటిని మాత్రమే తేలికగా కోయండి, అదిమి రుద్దితే మళ్ళీ లోపలికి నొక్కుకుపోతాయి. తడిపినా నారలు పైకి లేవకుండా ఉండే దశ వచ్చేదాకా ఇలా చేయాలి. అయితే తడిపే ముందు లోహపు భాగాలన్నీ విప్పి, కొయ్య మీది ఇనుప రజనును కుంచెతో పూర్తిగా దులపండి. టానిన్ అనే వగరు పదార్థం ఉన్న చెక్కలో ఇనుప రజను ఇరుక్కుని నీరు తగిలితే నల్లని మచ్చలు పడతాయి. అదే కారణంగా ఉక్కు ఉన్నిని కూడా ఈ పనిలో వాడవద్దని నా సలహా.

మరొక మాట: రోజ్‌వుడ్ దుమ్ము చాలామందికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరితిత్తులకు ఇబ్బంది కలిగిస్తుంది. ఎన్95 ముసుగు లేకుండా కాగితం పట్టకండి. బృందంలోని పిల్లలు ఆ గదిలో ఉండకుండా చూడండి.

సమాధానం: వాద్యాలకు మెరుగు పెట్టే పనిలో ఉన్నాను, మైలాపూర్, చెన్నై

మల్లేశ్వరం మిత్రులు చెప్పిన దానిలో మార్చవలసింది ఏమీ లేదు. నూనె ఎందుకు ఆరలేదన్న దానికి నేను జవాబు చెబుతాను.

అవిసె నూనె నీటిలాగా ఆవిరై ఆరేది కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని, తనలో తాను గొలుసులుగా అల్లుకుని గట్టిపడుతుంది. రోజ్‌వుడ్ జాతి చెక్కలలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు సరిగ్గా ఆ చర్యనే అడ్డుకుంటాయి. మీ తునక జిగురుగా ఉండిపోవడంలో డబ్బాలోని సరుకు తప్పు ఉండనవసరం లేదు. అదే నూనెను ఒక గాజు పలక మీద పల్చగా రాసి పక్కన పెట్టండి. గాజు మీద ఆరి, చెక్క మీద ఆరకపోతే కారణం చెక్కేనని మీకే తేలిపోతుంది.

ఇటువంటి చెక్కకు లక్కే సరైన పునాది. లక్క తనను కరిగించిన స్పిరిట్ (పాలిష్ పనికి వాడే ఆల్కహాల్) ఆవిరి కావడం వల్ల ఆరుతుంది కనుక చెక్కలోని పదార్థాలు దానిని అడ్డుకోలేవు. పైగా మన దేశపు మోదుగ, రేగు చెట్ల మీద బతికే పురుగు ఇచ్చే సరుకు ఇది. బొబ్బిలి కథలోని తుపాకీకి దీనిని పూయడం నాకు ఎంతో సబబుగా అనిపిస్తున్నది. లక్కను సీసాలో కరిగించినదిగా కొనకండి, పలుకులుగా కొనండి. కరిగించి నెలల తరబడి నిల్వ ఉంచిన లక్క సరిగా గట్టిపడదు. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల పలుకులు వేసి, గాజు సీసాలో ఒక రాత్రి ఉంచి, అప్పుడప్పుడు కదపండి. తరువాత కదపకుండా వదిలేస్తే లక్కలోని మైనం మడ్డిగా అడుగుకు దిగుతుంది. పైన తేటగా ఉన్న దానిని మాత్రమే వంచుకోండి.

పూయడానికి ముందు చెక్కను అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే మొదటి పూత వేయాలి. ఆలస్యమైతే లోపలి జిడ్డు మళ్ళీ పైకి వస్తుంది. దూదిని ఉండగా చేసి, మెత్తని పాత నూలు గుడ్డలో చుట్టి, అందులో లక్క పోసి, చార వెంట పొడవుగా, వెనక్కి తిరిగి రాకుండా ఒక్క వరసలో నడిపించండి. తడిగా ఉన్న చోటికి మళ్ళీ వెళ్ళవద్దు, గుడ్డ అతుక్కుంటుంది. పూతలు పల్చగా, ఎక్కువగా ఉండాలి. రోజ్‌వుడ్ రంధ్రాలు పెద్దవి. అవి పూడాలంటే నాలుగైదు పూతల తరువాత గుడ్డ మీద చిటికెడు ప్యూమిస్ పొడి (సన్నగా నూరిన తేలికపాటి అగ్నిపర్వతపు రాయి) చల్లి, కాస్త స్పిరిట్‌తో గుండ్రంగా రుద్దితే, పొడి, లక్క, చెక్క రజను కలిసి ముద్దయి ఆ రంధ్రాలలో కూరుకుంటాయి. అద్దంలా నిండవలసిన పని లేదు. కొన్ని రంధ్రాలు తెరిచి ఉంటేనే పాత చెక్కలా ఉంటుంది.

వాన పడుతున్న రోజున, గాలి చెమ్మగా ఉన్న సాయంత్రాలలో లక్క పూయకండి. స్పిరిట్ ఆవిరవుతున్నప్పుడు పైభాగం చల్లబడి చెమ్మను లాక్కుంటుంది, పూత తెల్లగా మబ్బు పడుతుంది. చెన్నైలో ఈ బాధ మాకు ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది. ఎండెక్కిన ఉదయం వేళ చేసుకోవడం మంచిది.

మెలమైన్ గురించి ఒక మాట. మన్నిక కావలసిన బల్లలకు అది మంచిదే. కానీ రంగస్థల దీపాల కింద అది కొయ్య మీద తెల్లని వెలుగు చారలుగా తళుక్కుమంటుంది, చెక్క చార కనబడదు. లక్క మీద కూడా చివర మెరుపును తగ్గించాలి. చాలా సన్నని స్కాచ్ బ్రైట్‌తో చార వెంట తేలికగా రుద్ది, తేనెమైనం కలిసిన పాలిష్‌ను గుడ్డతో పట్టిస్తే, మెత్తగా లోపలి నుంచి వచ్చే నిగారింపు మిగులుతుంది.

సమాధానం: చెక్కపని అభిమాని, జయనగర్, బెంగళూరు

లక్కను కాదనను. కానీ నూనెను పూర్తిగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆ కాలపు తుపాకులకు ఐరోపాలో అవిసె నూనె, దానితో కాచిన వార్నిష్‌లే విరివిగా వాడారు. ఆ పోలిక కావాలంటే నూనె చూపే లోతు వేరు. పైగా నటులు చేతులు మార్చుకుంటూ, నేలకు ఆనిస్తూ వాడే వస్తువు ఇది. లక్క పూత గీసుకుపోతే ఆ గీత తెల్లగా కనబడుతుంది. నూనె పట్టిన కొయ్య మీద గీత పడితే రెండు చుక్కలు వేసి రుద్దితే సరిపోతుంది.

నా సూచన రెండింటికీ మధ్యది. మైలాపూర్ మిత్రులు చెప్పినట్టు తుడిచి, పల్చని లక్క రెండు పూతలు వేసి, దాని మీద కాచిన అవిసె నూనెను టర్పెంటైన్‌తో సగానికి సగం పలుచన చేసి పూయండి. లక్క అడ్డుగా ఉంటుంది కనుక చెక్కలోని పదార్థాలు నూనెను చేరవు. దుకాణంలో దొరికే కాచిన నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలిపి ఉంటాయి. పచ్చి నూనె అయితే వారాలు పడుతుంది. పూసిన పావుగంటకు పైన నిలిచిన నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. నిలవనిస్తే ఏ చెక్క మీదైనా జిగురు కడుతుంది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచినది మరొకటి ఉంది. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయకండి. గట్టిపడే క్రమంలో నూనె వేడిని పుట్టిస్తుంది. ముద్దలో ఆ వేడి బయటికి పోలేక పెరిగి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. నాటకపు దుస్తులు, తెరలు ఉంచే గదిలో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. వాడిన ప్రతి గుడ్డనూ ఆరుబయట తీగ మీద విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో ముంచి మూత పెట్టండి.

ప్రశ్నించిన వారి నుంచి

ముగ్గురికీ హృదయపూర్వక నమస్కారాలు. గాజు పలక పరీక్ష చేశాను. నూనె గాజు మీద ఆరింది, తునక మీద ఆరలేదు. కనుక లక్క పునాదికే సిద్ధపడుతున్నాము. గీకే రేకుతో మడమ ఒక పక్క పూర్తయింది. యంత్రం వదిలిన అలలు పోయి ఊదా చారలు తేటగా బయటపడ్డాయి.

రెండు సందేహాలు మిగిలాయి. మూడు ఇనుప కట్లను గొట్టం మూతి వైపు నుంచి కొయ్య మీదికి తొడిగి వెనక్కి జరపాలి. ఇప్పుడే అవి బిగువుగా ఉన్నాయి. పూతలు వేశాక జరిపితే అంతా గీసుకుపోదా? రెండవది, ఆ పసుపు పట్టీని ముదురు భాగంతో కలపడానికి దుకాణంలో దొరికే రోజ్‌వుడ్ స్టెయిన్ వాడవచ్చునా?

సమాధానం: పాత కలప సామాను బాగుచేసేవాడు, మల్లేశ్వరం

కట్ల సంగతి ఇప్పుడే అడగడం మంచిదైంది, పూతల తరువాత అయితే ఇబ్బంది అయ్యేది. లోహం బిగించకుండా, గొట్టాన్ని గాడిలో పెట్టి, ఒక్కొక్క కట్టును దాని స్థానం దాకా జరిపి చూడండి. కొయ్య మీద మెరిసే గీత ఎక్కడ పడుతుందో అక్కడే చెక్క ఎక్కువగా ఉంది. ఆ చోట మాత్రమే రేకుతో రెండు మూడు పొరలు తీసి మళ్ళీ జరపండి. చేతి బలంతో జారి, స్థానంలో వదులు కాకుండా నిలిచేలా రావాలి. కట్టును పట్టి ఉంచే చిన్న స్ప్రింగు చెక్కలో అమరే గాడిని పెద్దది చేయకండి. దాని పక్క గోడ పల్చన, చిట్లితే అతికించడం కష్టం. కట్ల లోపలి అంచులు సాధారణంగా కత్తిలా పదునుగా వస్తాయి. సన్నని ఆకురాయితో వాటిని కొంచెం మొద్దు చేయండి, గీతలు సగం అక్కడే తగ్గిపోతాయి.

కట్టు కూర్చునే చోట, అది జారివచ్చే ముందుభాగంలో మందమైన పూత పెంచవద్దు. అక్కడ జయనగర్ మిత్రులు చెప్పిన పద్ధతి సరిగ్గా సరిపోతుంది: రెండు పల్చని లక్క పూతలు, మీద తుడిచిన నూనె. మడమ, మెడ, లాక్ పలక భాగాలకు లక్క ఎక్కువ పూతలు వేసుకోండి. గొట్టం కూర్చునే గాడి లోపల, లాక్ అమరే గుంట లోపల, మడమ పట్టీ కింద అడ్డుకోత చెక్కకు కూడా లక్క తప్పక పూయండి. బయట మూసి లోపల తెరిచి ఉంచితే, బెంగళూరు వానాకాలంలో చెమ్మ ఒక వైపు నుంచే ఎక్కి, పొడవైన ముందుభాగం వంగుతుంది. అప్పుడు గొట్టం గాడిలో కూర్చోదు.

సమాధానం: వాద్యాలకు మెరుగు పెట్టే పనిలో ఉన్నాను, మైలాపూర్

పసుపు పట్టీ అంటే చెట్టు బయటి పొర చెక్క. దానికి దుకాణపు స్టెయిన్ అవసరం లేదు, మీ చెక్కే రంగు ఇస్తుంది. గీకినప్పుడు, రుద్దినప్పుడు రాలిన ముదురు భాగపు పొడిని ఇనుప రజను కలవకుండా ఏరి, సీసాలో స్పిరిట్ పోసి రెండు రోజులు నానబెట్టండి. స్పిరిట్ ముదురు ఊదా గోధుమ రంగుకు తిరుగుతుంది. పల్చని గుడ్డలో వడకట్టి, సన్నని కుంచెతో పసుపు భాగానికి మాత్రమే, ముదురు భాగపు అంచు దాటకుండా పలుచగా వేయండి. ఒక్కసారికి రంగు చాలదు. ఆరిన తరువాత మరొక పూత, చాలకపోతే ఇంకొకటి. ముందుగా మీ తునక మీద చూసుకోండి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగే లక్క పడ్డాక వచ్చే రంగుకు దగ్గరగా ఉంటుంది, ఆరినప్పటి రంగు కాదు.

ఇదే గుణం వల్ల ఒక జాగ్రత్త కూడా కావాలి. అసిటోన్ తుడుపులోను, మొదటి లక్క పూతలోను ముదురు భాగపు రంగు కరిగి గుడ్డకు అంటుతుంది. అదే గుడ్డతో పసుపు భాగం మీదికి వెళితే చారలు చారలుగా మరకలు పడతాయి. పసుపు భాగాన్ని ముందు, వేరే గుడ్డతో పూసి, అది ఆరాక ముదురు భాగం మొదలుపెట్టండి. రెండు పూతలు పడి రంగు లోపల బిగిసిన తరువాత కొయ్యంతటికీ ఒకే గుడ్డ వాడవచ్చును.